మిషన్ లెక్కల్లో లేని కుటుంబము: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతము నుండి ఒక పరిశీలన

నంద్యాల నుండి కడపకు పోయే రస్తాలో ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి పరిసరాలకు చేరితే ముత్యాలపాడు అనే గ్రామము ఉంది. నేడు బస్సులో పోయేవారు దానిని గమనించకపోవచ్చు. కాని పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు ఆంగ్లికన్ సంఘ చరిత్రలో నంద్యాలకు ఎంత పేరుందో ముత్యాలపాడుకూ అంతే ఉంది. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని ప్రారంభించింది. అక్కడ సేవ చేస్తున్న విలియం హోవెల్ 1842లో ఆంగ్లికన్ సంఘములోకి వచ్చిన తరువాత, మన పెద్దలు ఎస్.పి.జి. మిషన్ అని పిలుచుకున్న సొసైటీ ఈ ప్రాంతములో అడుగుపెట్టింది. ఆ పని కడప నుండి ఉత్తరముగా విస్తరించి ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా స్థిరపడింది. ముత్యాలపాడులో ఉండి పనిచేసిన జాన్ క్లే తెలుగు బైబిలు సవరణలో కూడా పాలుపంచుకున్నారు. 1880లలో నంద్యాలలో ఉపాధ్యాయులకు, ఉపదేశులకు శిక్షణ పాఠశాల వెలిసింది. ఇదంతా మన విద్యార్థులు పరీక్షలలో రాసే విషయమే.

ఈ చరిత్రను మనము సాధారణముగా రెండు పక్షాల కథగా చెప్పుకుంటాము. పంపిన సొసైటీ ఒక పక్షము, స్వీకరించిన గ్రామము రెండవ పక్షము. ఎంతమందికి బాప్తిస్మమిచ్చారు, ఎన్ని బడులు పెట్టారు, ఏ సంవత్సరములో ఏ గుడి కట్టారు అన్నవి ఈ రెండు పక్షాల మధ్య జరిగిన వ్యవహారాలు. కాని మిషనరీ అనే మనిషి సొసైటీ కడుపున పుట్టలేదు. అతనిని కన్న తల్లిదండ్రులు ఉన్నారు. వారిది మూడవ పక్షము. కొడుకునో కూతురినో ఓడ ఎక్కించిన తరువాత వారికి ఏమైంది? బిడ్డ పనిచేసే దేశానికి వారెప్పుడైనా వచ్చి చూడగలిగారా? ఈ ప్రశ్న మొదట ఇంటి ముచ్చటలా వినిపిస్తుంది. కాని దీనిని పట్టుకొని కొంతదూరము నడిస్తే, కుటుంబము అంటే ఎవరు అన్న విషయములో మిషన్లకు, ప్రభుత్వాలకు, మనకు మధ్య ఎంత తేడా ఉండేదో తెలుస్తుంది. ఆ తేడా నేటికీ మన సంఘాల లెక్కల్లో నిలిచి ఉంది.

దూరము

ముందు దారి సంగతి. 1793 జూన్ 13న ఇంగ్లండులో ఓడ ఎక్కిన విలియం కేరీ నవంబరు 11న కలకత్తా చేరాడు. అంటే ఐదు నెలలు. ఆయన మరల స్వదేశము చూడలేదు. తండ్రి ఎడ్మండ్ కేరీ 1816లో మరణించాడు. ఈ ఇరవైమూడేళ్ళలో తండ్రీకొడుకుల మధ్య నడిచింది ఉత్తరాలే. గుంటూరుకు వచ్చిన ఫాదర్ హయ్యర్ విషయములో వరస తిరగబడింది. ఆయన 1841 అక్టోబరులో బోస్టన్‌లో బయలుదేరి 1842 జూలై 31న గుంటూరు చేరేనాటికే నలభైతొమ్మిదేళ్ళ వాడు, భార్యను పోగొట్టుకున్నవాడు. ఇక్కడ విడిచిపెట్టబడినది తల్లిదండ్రులు కారు, పిల్లలు. తండ్రి పరదేశములో, పిల్లలు అమెరికాలో.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐదు నెలల ప్రయాణము కొన్ని వారాలకు తగ్గింది. 1860లలోనే మద్రాసు రైలు కడపకు చేరింది. కడప నుండి ముత్యాలపాడుకు మాత్రము ఎద్దులబండే గతి. నల్లరేగడి నేలలో వానాకాలము బండి దిగబడితే ఏమవుతుందో ఈ సీమవాళ్ళకు చెప్పనక్కరలేదు. 1880లలో నల్లమల గుండా దొరబావి వంతెన మీదుగా గుంతకల్లు–బెజవాడ మార్గము పడిన తరువాత నంద్యాలకు రైలు వచ్చింది. ఆళ్లగడ్డకు ఇప్పటికీ లేదు. 2016లో మొదలైన నంద్యాల–ఎర్రగుంట్ల లైను కూడా కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోయింది గాని ఇటు రాలేదు.

కాబట్టి 1890ల నాటికి లండనులో ఓడ ఎక్కిన ఒక తల్లి నెల తిరిగేసరికి నంద్యాల స్టేషనులో దిగే వీలు ఏర్పడింది. అయినా అటువంటి రాకలు అరుదు. సముద్రము చిన్నదైనా ఖర్చు చిన్నది కాలేదు. పైగా, రావలసినవారు అప్పటికే వృద్ధులు. ఆరోగ్యవంతులైన యువకులే ఎండకు తట్టుకోలేక, విషజ్వరాలకు తాళలేక సమాధులైన నేల ఇది. 1876–78 కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగవ వంతు తరిగిపోయింది. అటువంటి చోటికి అరవైయేళ్ళ తల్లిని రమ్మని ఏ కొడుకు రాస్తాడు?

లెక్కపుస్తకములో కుటుంబము

అయితే దూరము, వయసు మాత్రమే కారణాలు కావు. సొసైటీల లెక్కలు ఎలా నడిచేవో గమనించాలి. మిషనరీకి జీతము, పెండ్లయితే భార్యకు భత్యము, పిల్లలకు భత్యము. పిల్లలు చదువు ఈడుకు రాగానే వారిని స్వదేశానికి పంపడానికి ప్రయాణ ఖర్చు. వారి కోసమే పాఠశాలలు పెట్టారు. ఇంగ్లండులో మిషనరీల కుమార్తెల కోసము వాల్తమ్‌స్టో హాల్ 1838లో, కుమారుల కోసము తరువాత ఎల్తమ్ కాలేజీగా పేరుపొందిన పాఠశాల 1842లో ఆరంభమయ్యాయి. మన దక్షిణాదిలో కొడైకెనాల్ పాఠశాల 1901లో వచ్చింది. అంటే మిషన్ దృష్టిలో కుటుంబము ఉంది, లేకపోలేదు. భార్య, మైనరు పిల్లలు. అంతటితో గీత గీశారు. ఆ గీతకు అవతల మిషనరీని కన్నవారు ఉండిపోయారు. ఏడెనిమిదేళ్ళకో పదేళ్ళకో సెలవు వచ్చినప్పుడు మిషనరీయే పోయి వారిని చూడాలి. అప్పటికి వారు బ్రతికి ఉంటే.

ఈ గీతను మన గ్రామాలు ఎలా చూసి ఉంటాయి? ఊరికి కొత్త మనిషి వస్తే మనవారు అడిగే మొదటి ప్రశ్న నేటికీ ఒకటే: ఎవరి పిల్లవాడివి నాయనా? అమ్మా నాయన ఉన్నారా? దొరగారిని అలా నోరు తెరిచి అడగకపోవచ్చు గాని, ప్రశ్న మాత్రము పోదు. దొరసాని, పిల్లలు కనబడతారు. వెనుక తరము కనబడదు. అధికారము ఉండి బంధువులు లేని మనిషిని గౌరవిస్తారు, భయపడతారు. తమవాడిగా లెక్కపెట్టడము కష్టము. దీనితో పోల్చితే నంద్యాలలో శిక్షణ పొందిన తెలుగు ఉపదేశి స్థితి వేరు. అతనిని కూడా మిషనే ఒక ఊరి నుండి మరొక ఊరికి మార్చింది. అతనూ పరాయి ఊరిలోనే కాపురముండేవాడు. కాని ఆళ్లగడ్డ తాలూకాలో పుట్టినవాడిని కోవెలకుంట్ల వైపు వేసినా, నల్లమల అవతల గిద్దలూరు వైపు వేసినా, తల్లిదండ్రులు నడచి రాగలిగిన దూరమే. పురుడుకో, పండుగకో, కోతలు ముగిశాకో ముసలి తండ్రి వచ్చి అరుగు మీద కూర్చుంటే ఆ ఊరికి ఉపదేశి వంశము తెలిసిపోయేది. మిషన్ నివేదికలు ఉపదేశులను ‘స్థానిక సహాయకులు’ అనే ఒక్క మాటలో చుట్టిపెట్టాయి. వారి బలము ఎక్కడిదో ఆ మాటలో కనబడదు.

దోనావూరుకు వచ్చిన తల్లి

విదేశీ మిషనరీ తల్లి నిజముగా వచ్చి ఉంటే ఏమి జరిగేది? దీనికి బాగా నమోదైన ఉదాహరణ మన జిల్లాలకు దక్షిణముగా, తిరునెల్వేలి ప్రాంతములోని దోనావూరులో ఉంది. ఐర్లండుకు చెందిన ఆమీ కార్మైఖేల్ 1893లో ఇల్లు విడిచి జపాను వెళ్ళి, 1895లో భారతదేశము చేరారు. 1901 నుండి దోనావూరు ఆమె స్థావరమైంది. గుడులకు అర్పించబడే ఆడపిల్లలను కాపాడి పెంచే పని అక్కడ మొదలయింది. 1904 చివర ఆమె తల్లి కాథరిన్ కార్మైఖేల్ కూతురిని చూడడానికి వచ్చారు. చుట్టపుచూపుగా వచ్చిన ఆమె 1906 ఆరంభము దాకా, ఏడాదికి పైగా ఉండిపోయారు.

ఆ ఏడాది దోనావూరులో సులువైనది కాదు. వచ్చిన పసిబిడ్డలలో కొందరు జబ్బుచేసి 1905లో చనిపోయారు. ఆమీకి సంఘసేవ తెలుసు, వీధి ప్రసంగము తెలుసు; చంటిబిడ్డల పెంపకము అప్పుడే నేర్చుకుంటున్న విద్య. తల్లికి అది ఒంటబట్టిన పని. భర్త 1885లో మరణించగా పెద్ద కుటుంబాన్ని ఈదుకొచ్చిన మనిషి. బిడ్డల దగ్గర రాత్రులు మేల్కొని కూర్చున్నారు. పిల్లలు ఆమెను అమ్మమ్మను పిలిచినట్లు పిలుచుకున్నారు. ఈ పిలుపును తేలికగా తీసుకోరాదని నా అభిప్రాయము. దోనావూరులో ఆమీ అప్పటికే ‘అమ్మ’. ఆ అమ్మకు అమ్మ వచ్చి పిల్లల మధ్య కూర్చున్నప్పుడు, ఒక సంస్థగా ఉన్నది మూడు తరాల ఇల్లుగా కనిపించింది. సొసైటీ మంజూరు చేసే ఏ పదవీ ఇటువంటి మార్పు తేలేదు. కాథరిన్‌కు మిషనులో పదవి లేదు, జీతము లేదు, ఏ నివేదికలోనూ వరుస సంఖ్య లేదు. ఆమె 1913లో ఇంగ్లండులో మరణించారు. ఆమీ 1951లో తాను మరణించే వరకు స్వదేశానికి పోలేదు గనుక ఆ దోనావూరు నెలలే తల్లీకూతుళ్ళ కడపటి కలయిక.

రాయలసీమవాళ్ళకు ఆసుపత్రిగా బాగా తెలిసిన వేలూరు కథ కూడా ఇలాంటి రాకతోనే మొదలయిందని గుర్తుచేసుకోవచ్చు. కాకపోతే అక్కడ వచ్చింది కూతురు. 1890లో తల్లి జబ్బుపడిందని తిండివనానికి వచ్చిన ఐడా స్కడ్డర్ మిషనరీ కాకూడదనే పట్టుదలతో వచ్చింది. తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. తల్లి సోఫియా ఆ తరువాత 1925లో మరణించే వరకు వేలూరులో కూతురి దగ్గరే ఉన్నారు.

తెలుగువాడు పరదేశానికి పోయినప్పుడు

ఇంతవరకు మనము వచ్చినవారి సంగతి చూశాము. పోయినవారి సంగతి చూస్తే అసలు అడ్డంకి సముద్రములో లేదని తెలుస్తుంది.

1860 నుండి 1911 వరకు నెటాల్ చెరకు తోటలకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుండి పోయినవారే. వారిలో తెలుగువారు చాలామంది. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన మొదటి ఓడ ట్రూరో నవంబరు 16న డర్బన్ చేరింది. అక్కడి తెలుగు బాప్తిస్టు విశ్వాసులు తమకు కాపరి కావాలని కోరగా, నెల్లూరు కేంద్రముగా ఏర్పడిన తెలుగు బాప్తిస్టు హోం మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యను భార్య కనకమ్మతో పాటు అక్కడికి పంపింది. అదే సంవత్సరము డిసెంబరులో కీర్స్నీ ఎస్టేటులో తెలుగు బాప్తిస్టు సంఘము స్థాపించబడింది. తెలుగు సంఘాలు తమ కానుకలతో తెలుగువాడిని పరదేశానికి మిషనరీగా పంపిన తొలి ఘట్టాలలో ఇది ఒకటి. 1915లో మరణించే వరకు రంగయ్య నెటాలు సంఘాల పనిలోనే ఉన్నారు.

ఇప్పుడు నెల్లూరులో ఉండిపోయిన ఒక తండ్రిని ఊహించండి. నేను ఫలానా వ్యక్తి అనడము లేదు. అటువంటి స్థితిలో ఉన్న ఏ తెలుగు తల్లినైనా తండ్రినైనా తలంచుకుంటే చాలు. కొడుకును చూడాలని డబ్బు కూడబెట్టి డర్బన్ ఓడ ఎక్కాడనుకుందాము. రేవులో 1897 నాటి నెటాల్ వలసల నియంత్రణ చట్టము ఎదురవుతుంది. ఏదో ఒక ఐరోపా భాషలో దరఖాస్తు రాయలేనివాడు ఆ చట్టము ప్రకారము నిషిద్ధ వలసదారు. ఇంగ్లీషు వచ్చిన కొడుకుకు తెరుచుకున్న తలుపు, తెలుగు మాత్రమే వచ్చిన తండ్రికి మూసి ఉంటుంది. కుటుంబ సభ్యులకు మినహాయింపు లేదా? ఉంది. ప్రవేశార్హత గలవాని భార్యకు, మైనరు పిల్లలకు ఉంది. తల్లిదండ్రుల ప్రస్తావన ఆ మినహాయింపులో లేదు. వచ్చి పోయేవారికి తాత్కాలిక పాసులు ఇచ్చేవారు గాని దానికి డబ్బు డిపాజిట్టు పెట్టాలి. 1913 నాటి దక్షిణాఫ్రికా వలసల చట్టముతో తలుపు ఇంకా బిగిసింది.

మిషన్ లెక్కపుస్తకములోని గీత, నెటాలు చట్టములోని గీత ఒకే చోట పడ్డాయి: భార్య, మైనరు పిల్లలు. ఒకరు ప్రేమతో గీశారు, మరొకరు భయముతో గీశారు, కొలబద్ద ఒకటే. దోనావూరుకు వచ్చిన కాథరిన్‌ను తూత్తుకుడిలోనో మద్రాసులోనో తమిళములో దరఖాస్తు రాయమని ఎవరూ అడగలేదు. ఆమెకు అడ్డుపడగలిగినవి ఖర్చు, వయసు మాత్రమే. తెలుగు మిషనరీ తల్లిదండ్రులకు వాటికి తోడు రంగు, భాష కూడా అడ్డము. మన మిషన్ చరిత్రలు రంగయ్య పనిని కొనియాడతాయి. ఆ పనికి వెల కట్టినవారిలో తల్లిదండ్రులు కూడా ఉన్నారని, ఆ వెల తెల్లవారి మిషనరీ కుటుంబము కట్టిన దానికంటె హెచ్చని రాయవు.

దేశములోపల కూడా పరదేశము ఉంటుంది. 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ తెలుగు ప్రాంతమైన దోర్నకల్లును తన పొలముగా ఎన్నుకుంది. ఆ పనికి నడుము కట్టిన వేదనాయకము శామూయేలు అజరయ్య 1909లో దోర్నకల్లుకు కాపురము వచ్చి, 1912 డిసెంబరు 29న భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. చిన్నతనములోనే తండ్రిని పోగొట్టుకొని తల్లి ఎల్లెన్ పెంపకములో పెరిగిన ఆయనకు తెలుగు పరాయి భాష. నేర్చుకొని ప్రసంగించారు. 1920ల ఆరంభములో కర్నూలు, కడప ఎస్.పి.జి. సంఘాలు కూడా దోర్నకల్ అధ్యక్ష మండలములోకి రావడముతో నంద్యాల, ముత్యాలపాడు ఆయన పాలన కిందికి వచ్చాయి. దొరల స్థానములో తమిళ మిషనరీ బిషప్పు రావడము మన ప్రాంతానికి కొత్త అనుభవము. ఈయనకు తల్లి ఎవరో, ఊరు ఏదో, కులము ఏదో జనము అడిగి తెలుసుకోగలరు.

యిత్రో

లేఖనాలలో ఇటువంటి రాకకు చక్కని ఉదాహరణ నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయము. మనము దానిని నాయకత్వ శిక్షణ పాఠముగానే బోధిస్తాము: వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి న్యాయాధిపతులు. కాని అధ్యాయము మొదలయ్యేది ఒక మామ కూతురిని, ఇద్దరు మనుమలను వెంటబెట్టుకొని అల్లుడు దేవుని పనిలో ఉన్న అరణ్యానికి రావడముతో. ముందు కబురు పంపాడు. మోషే ఎదురువెళ్ళి వంగి, ముద్దుపెట్టుకొని, క్షేమసమాచారాలు అడిగి గుడారములోకి తీసుకొనిపోయాడు. జరిగినదంతా చెప్పాడు. భోజనము చేశారు. సలహా వచ్చింది మరునాడు, ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు అల్లుడు జనము మధ్య కూర్చుని ఉండడము యిత్రో కళ్ళారా చూసిన తరువాత. ఇశ్రాయేలు పెద్దలు అంతకు ముందు చాలా దినాలుగా అదే చూస్తున్నారు. వారికి అది సేవగా కనబడింది. కూతురిని ఇచ్చినవానికి అది మనిషి నలిగిపోవడముగా కనబడింది. యాకోబు ఐగుప్తుకు పోయిన కథలో (ఆదికాండము 46) కరువు ఉంది, ఫరో పంపిన బండ్లు ఉన్నాయి. యిత్రో రాకలో అటువంటి అవసరము ఏదీ లేదు. చూడడానికి వచ్చాడు, చూశాడు, తన దేశానికి పోయాడు.

మార్కు సువార్త మూడవ అధ్యాయములో బయట నిలిచిన తల్లి, సహోదరుల ఘట్టాన్ని చూపి, సేవకు పిలువబడినవానికి కన్నవారితో పని లేదని చెప్పే ప్రసంగాలు మన సభలలో తరచుగా వింటాము. ఆ ఒక్క ఘట్టము మీదనే నిలబడితే సిలువ దగ్గర తల్లిని శిష్యునికి అప్పగించిన సంగతిని ఏమి చేస్తాము?

నేటి లెక్క

1947లో చుట్టూ ఉన్న సంఘాలు దక్షిణ ఇండియా ఐక్య సంఘములో చేరినా నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు చాలావరకు చేరక, 1970ల మధ్యలో చేరాయి. 2013లో ఎగ్గోని పుష్పలలిత సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్పుగా ఇక్కడే అభిషేకము పొందారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆళ్లగడ్డ, చాగలమర్రి ఆ జిల్లాలోవే. ఒకప్పుడు మిషనరీలను స్వీకరించిన ఈ ప్రాంతాన్ని ఇప్పుడు పంపే ప్రాంతముగా కూడా చూడాలి. ఫ్రెండ్స్ మిషనరీ ప్రేయర్ బ్యాండ్, 1965లో ఆరంభమైన ఇండియన్ ఎవాంజలికల్ మిషన్ వంటి సంస్థలు దక్షిణాది యువతీ యువకులను ఉత్తరాదికి పంపుతున్నాయి. అటువంటి మిషనరీల పిల్లల చదువుకు దోనావూరులోనే సంతోష విద్యాలయము నడుస్తున్నది. పిల్లలకు బడి, దంపతులకు భత్యము. వాల్తమ్‌స్టో హాల్ నాటి గీతే మళ్ళీ కనబడుతుంది.

అదే వీధిలో, ఉద్యోగానికి పోయిన కూతురికి పురుడు పోయడానికి అమెరికా విమానము ఎక్కే తల్లులు ఉన్నారు. అది ఎవరికీ వింత కాదు. బీహారులోనో ఒడిశా కొండల్లోనో సేవ చేసే కొడుకు దగ్గరకు పోవడానికి మాత్రము నంద్యాల నుండి రెండు మూడు రైళ్ళు మారే టిక్కెట్టు డబ్బు ఎవరిస్తారన్నది ఇప్పటికీ ప్రశ్నే. సేకరము వార్షిక బడ్జెట్టులో మిషనరీ నిధి పద్దు ఉంటుంది. దాని కింద ఆ మిషనరీ తల్లిదండ్రులు ఏడాదికొకసారి పోయి వచ్చే ఖర్చు అనే పంక్తి చేర్చడము పెద్ద మొత్తమేమీ కాదు. ఫోనులో ముఖము చూసుకుంటున్నారు కదా అని కొందరు అంటారు. యిత్రో కూడా ముందు కబురే పంపాడు. ఆ తరువాత వచ్చాడు.

పరిశోధక విద్యార్థులకు ఒక మాట. ఎస్.పి.జి. కాగితాలు ఆక్స్‌ఫర్డు బాడ్లియన్ గ్రంథాలయములో ఉన్నాయి. వాటిని చూడగలిగేవారు కొద్దిమందే. కాని నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల సేకరాలలో బిడ్డను సేవకు పంపిన తల్లిదండ్రులు నేడు డెబ్బై, ఎనభైయేళ్ళ వయసులో ఉన్నారు. బిడ్డ పనిచేసే ఊరికి పోయి వచ్చారా, ఎన్నిసార్లు, ఎవరి ఖర్చుతో, ఆ ఊరివారు వారిని ఏమని పిలిచారు అని అడిగి రాసుకోవడానికి ఒక నోటుపుస్తకము, నంద్యాల నుండి ఆళ్లగడ్డకు బస్సు చార్జీ చాలు.